నో-కోడ్ డేటాబేస్ కొనే ముందు: ఒక టెంట్ హౌస్ లెక్కల్లో వచ్చే చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

"ఎయిర్‌టేబుల్ మంచిదా, జోహో క్రియేటర్ మంచిదా, యాప్‌షీట్ తీసుకోమంటారా?" అని అడిగేవారిని (ఇవన్నీ ప్రోగ్రాం రాయకుండానే వ్యాపార లెక్కలను టేబుళ్లుగా పెట్టుకునే నో-కోడ్ సాధనాలు) నేను ముందు ఒక్కటే అడుగుతాను: ఇప్పుడు మీకు డబ్బు ఎక్కడ పోతోంది? దానికి సమాధానం దొరికితే సాధనం ఎంపిక సగం తేలిపోతుంది. దొరకకపోతే ఏది కొన్నా ఆరు నెలల్లో మళ్లీ పుస్తకాల దగ్గరికే వస్తారు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకిచ్చే సప్లయర్స్ వ్యాపారం. చూడటానికి చిన్నదే కానీ లెక్కల్లో కిరాణా కొట్టుకంటే కష్టమైనది. సరుకు వెళ్లి తిరిగి రావాలి, పగిలినవి తేలాలి, గిరాకీ అంతా ఒకే ముహూర్తాల మీద పడుతుంది. ఆషాఢంలో గోదాము నిండుగా ఉంటుంది, మాఘంలో ఒక్క కుర్చీ కూడా మిగలదు. కెమెరాలు, జనరేటర్లు, పెళ్లి దుస్తులు అద్దెకిచ్చేవారికీ ఇవే చిక్కులు వస్తాయి.

ఒకే ముహూర్తానికి ఉన్నవాటికంటే ఎక్కువ కుర్చీలు బుక్ అవుతున్నాయి

లక్షణం: షీటులో అంతా సరిగ్గానే కనిపిస్తుంది. తెల్లవారుజామున లారీకి ఎక్కించే వేళకు మూడు వందల కుర్చీలు తక్కువ పడతాయి. పక్క ఊరి టెంట్ హౌస్ నుంచి రెట్టింపు అద్దెకు తెచ్చి పరువు కాపాడుకుంటారు.

కారణం: ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఒక బుకింగ్‌ను ఒకే వరసలో రాస్తారు. అందులో "వస్తువులు" అనే గడిలో "కుర్చీలు 400, షామియానా 6, గంగాళాలు 3, కార్పెట్ 2" అని ఉంటుంది. గుమస్తాకు అది లెక్క, కంప్యూటర్‌కు మాత్రం వట్టి అక్షరాలు. కూడమంటే కూడలేదు. ఈ షీటునే యథాతథంగా కొత్త సాధనంలోకి ఎక్కిస్తే తెర అందంగా మారుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. "సాఫ్ట్‌వేర్ పెట్టినా లాభం లేదు" అని నిట్టూర్చేవారిలో చాలామంది కథ ఇదే.

పరిష్కారం: ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతే ఈ సాధనాలన్నిటికీ పునాది. ఒక్కో రకం విషయానికి ఒక్కో టేబుల్ పెట్టి, వాటిని ఒకదానితో ఒకటి కలపాలి. కస్టమర్లు, వస్తువులు, బుకింగులు అనే మూడు టేబుళ్లు అందరికీ తడతాయి. అందరూ మరిచిపోయేది నాలుగోది: బుకింగ్ వస్తువులు. ఏ బుకింగ్, ఏ వస్తువు, ఎన్ని అనేవి ఇందులో ఒక్కో వరసగా వస్తాయి. పై గడిలోని సరుకు ఇక్కడ నాలుగు వరసలవుతుంది. పగిలినవి, తక్కువ వచ్చినవి రాసుకునే చోటు కూడా ఇదే.

తర్వాత తేదీలు. పెళ్లి 12న అని రాస్తే చాలదు. సరుకు 11 సాయంత్రం బయలుదేరి 13 ఉదయం తిరిగొస్తుంది, కడిగి ఆరబెట్టే పాత్రలకు ఇంకో పూట పడుతుంది. కాబట్టి "బయలుదేరేది", "మళ్లీ అద్దెకు సిద్ధమయ్యేది" అని రెండు తేదీలు ఉండాలి. రెండు బుకింగులు ఢీకొన్నాయో లేదో తేల్చే సూత్రం చిన్నదే. కొత్తది బయలుదేరే వేళ పాతది సిద్ధమయ్యే వేళకంటే ముందు ఉండి, కొత్తది సిద్ధమయ్యే వేళ పాతది బయలుదేరిన తర్వాత ఉంటే ఆ సరుకు ఇద్దరికీ కావాల్సి వచ్చినట్టే.

సాధనాల మధ్య అసలు తేడా బయటపడేది ఈ సూత్రం దగ్గరే. ఎయిర్‌టేబుల్‌లో రోలప్ ఫీల్డు (వేరే టేబుల్లోని అంకెలను తెచ్చి కూడే గడి) తనకు లింకు చేసిన రికార్డులనే కూడుతుంది. "ఈ తేదీలతో ఢీకొనే మిగతా బుకింగులన్నీ వెతికి కూడు" అంటే దానికి చేతకాదు. స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాయాలి, లేదా "12వ తేదీ - కుర్చీలు" అన్నట్టు రోజుకు, వస్తువుకు ఒక వరస ఉండే మరో టేబుల్ పెట్టి దానికి లింకు చేయాలి. యాప్‌షీట్‌లో సెలెక్ట్ అనే సూత్రంతో షరతు పెట్టి టేబుల్ మొత్తం వెతికి కూడవచ్చు. జోహో క్రియేటర్‌లో డెల్యూజ్ అనే చిన్న భాష ఉంది. నాలుగు లైన్లు నేర్చుకునే ఓపిక ఉన్నవారికి ఫారం నొక్కగానే "ఆ రోజుకు 120 కుర్చీలే ఉన్నాయి" అని ఆపేయడం దానితో కుదురుతుంది. అద్దె వ్యాపారానికి నేనైతే ఈ చివరి రెండింటిలో ఒకటి సూచిస్తాను. తెర సొంపులో ఎయిర్‌టేబుల్‌దే పైచేయి, కానీ మనకు కావలసింది కుర్చీల లెక్క.

అమ్మేవారు చూపించే నమూనాలు చూసి మురిసిపోవద్దు. పోయిన మాఘంలో మీకు ఊపిరాడని రోజొకటి తీసుకుని, ఆ రోజు బుకింగులన్నీ ఉచిత ట్రయల్‌లో ఎక్కించి చూడండి.

ఇంకో మెలిక. ఇద్దరు గుమస్తాలు ఒకే నిమిషంలో చివరి రెండు వందల కుర్చీలను చెరొకరికి ఇచ్చేస్తే చాలా నో-కోడ్ సాధనాలు ఆపలేవు. అందుకే బుకింగ్‌కు "తాత్కాలికం", "ఖరారు" అని రెండు స్థితులు పెట్టి, ఖరారు చేసే హక్కు ఒక్కరికే ఇవ్వాలి. ఇది సాఫ్ట్‌వేర్‌తో పోయే జబ్బు కాదు, యజమాని పెట్టే కట్టుబాటుతో పోతుంది.

ఒకే కస్టమర్ మూడు పేర్లతో ఉన్నాడు

కారణం: పేరును గుర్తుగా వాడటం. లక్ష్మి పేరును ఇంగ్లీషులో ఒక గుమస్తా ఒకలా రాస్తే ఇంకొకరు ఎక్స్ అక్షరం పెట్టి రాస్తారు. సుబ్బారావు మధ్యలో ఒకరు ఖాళీ వదులుతారు. బాకీ ఒక పేరు మీద, అడ్వాన్సు ఇంకో పేరు మీద పడి ఉంటాయి.

పరిష్కారం: ఇంటి శుభకార్యాలకు పది అంకెల ఫోను నంబరునే గుర్తుగా పెట్టండి, ముందు 91 వేయాలో వద్దో మొదటిరోజే తేల్చుకోండి. ఈవెంట్ సంస్థలకు జీఎస్‌టీ నంబరు వాడవచ్చు. దాని 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్ నంబరు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ నమోదైన సంస్థకు రెండు జీఎస్‌టీ నంబర్లు ఉంటాయి, పాన్ ఒక్కటే. బిల్లు ఏ నంబరు మీద వెళ్లాలో బుకింగ్‌లో ఉండాలి, మొత్తం బాకీ మాత్రం పాన్ మీద కూడాలి. ఒకే విలువ రెండోసారి పడకుండా ఆపే సౌకర్యం సాధనంలో ఉందో లేదో ట్రయల్‌లోనే చూడండి. కొన్నిటిలో అది టిక్కు పెడితే సరిపోతుంది, కొన్నిటిలో చుట్టుదారి పట్టాలి.

పాత డేటా ఎక్కించగానే నంబర్లు, తేదీలు మారిపోయాయి

ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలకు మించి గుర్తుంచుకోదు, మిగిలినవాటిని సున్నాలు చేస్తుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు చివర తప్పు పడేది ఇందుకే. ముందున్న సున్నాలనూ తినేస్తుంది. 03/04 అని ఉన్న తేదీని మన గుమస్తా ఏప్రిల్ 3 అనుకుని రాస్తే, అమెరికా పద్ధతిలో ఉన్న సాధనం మార్చి 4గా చదువుతుంది. ఏ హెచ్చరికా రాదు.

పరిష్కారం: ఎక్కించే ముందు నంబర్లు ఉన్న కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చండి, తేదీలను 2025-04-03 పద్ధతిలో పెట్టండి. తర్వాత పాత షీటులో ఎన్ని వరసలు ఉన్నాయో కొత్తదానిలోనూ అన్నే ఉన్నాయా అని లెక్కపెట్టండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ దాదాపు 16 వేల కోవిడ్ కేసులను సకాలంలో లెక్కలోకి తీసుకోలేకపోయింది. పాత ఎక్సెల్ ఫైలు రకం 65,536 వరసలు దాటితే పట్టదు, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి.

తెల్లవారుజామున వెళ్లిన లోడు నిన్నటి జాబితాలో కనిపిస్తోంది

లక్షణం: పగటి పూట లోడ్లన్నీ సరిగ్గా ఉంటాయి. నాలుగింటికి బయలుదేరిన లారీ మాత్రం ముందు రోజు లెక్కలో చేరుతుంది.

కారణం: చాలా సాధనాలు లోపల సమయాన్ని గ్రీనిచ్ లెక్కన దాచుకుంటాయి. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఇక్కడ 12వ తేదీ ఉదయం 4 అంటే అక్కడ 11వ తేదీ రాత్రి 10:30. తెల్లారి 5:30కి ముందు జరిగే ప్రతి పనికీ ఈ గండం ఉంది. పాలకేంద్రాలు, పూల మార్కెట్లు, పేపర్ ఏజెన్సీలు కూడా జాగ్రత్తపడాలి.

పరిష్కారం: ఫీల్డులో సమయమండలం కోల్‌కతా అని పెట్టడం ఒక్కటే చాలదు. ఎయిర్‌టేబుల్‌లో "ఈ రోజు" అనే ఫంక్షన్ గ్రీనిచ్ తేదీనే ఇస్తుంది, సూత్రంలోనూ మండలం మార్చి రాయాలి. ట్రయల్‌లో తెల్లవారుజామున 4 గంటల సమయంతో ఒక రికార్డు పెట్టి, అది ఏ రోజు జాబితాలో పడిందో చూడండి.

ముహూర్తాల నెల మధ్యలో సందేశాలు ఆగిపోయాయి

కారణం: సందేశాలను వాటంతటవే పంపే ఆటోమేషన్ సేవలో నెలవారీ కోటా అయిపోయింది. ఎవరు ఎలా లెక్కిస్తారో చదవకుండా పథకం కొంటే ఇదే జరుగుతుంది. జాపియర్, ఎన్‌ఎయిట్‌ఎన్ అలాంటి సేవలే. జాపియర్ విజయవంతంగా పూర్తయిన ప్రతి చర్యనూ ఒకటిగా లెక్కిస్తుంది. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్ పథకాల్లో ఎన్ని అడుగులున్నా మొత్తం పరుగు ఒకటిగానే లెక్క. బుకింగ్ ఖరారు కాగానే గోదాముకు, డ్రైవరుకు, కస్టమర్‌కు సందేశం, పైగా క్యాలెండర్‌లో నమోదు అనుకుందాం. 250 బుకింగులకు మొదటి లెక్కన వెయ్యి, రెండో లెక్కన 250. ఆషాఢం, మూఢం కలిపి తీసిన సగటు మీకు పనికిరాదు. మాఘం లెక్కతో పథకం ఎంచుకోండి, వీలైతే నెల నెలా పెంచి తగ్గించుకునేది తీసుకోండి.

కోటా అనుకున్నదానికంటే వేగంగా కరిగిపోతే తనను తాను పిలుచుకునే ఆటోమేషన్ ఏదైనా ఉందేమో వెతకండి. "రికార్డు మారగానే నడువు" అని పెట్టి, నడిచాక అదే రికార్డులో "సందేశం వెళ్లింది" అని రాయిస్తే అది కూడా మార్పే. మళ్లీ నడుస్తుంది, కస్టమర్‌కు సందేశాలు వరసగా వెళతాయి. స్థితి "ఖరారు" అయి, "సందేశం వెళ్లింది" ఖాళీగా ఉంటేనే నడవాలని షరతు పెట్టాలి.

వాట్సాప్ విషయంలో ఒక మాట. కస్టమర్ చివరిసారి రాసిన 24 గంటలు దాటితే వ్యాపార వేదిక నుంచి ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ సందేశాలే పంపగలం. ఇది తెలియక "కనెక్షన్ పాడైంది" అని ఫిర్యాదు చేస్తుంటారు. అనధికారిక సాధనాలతో గుంపుగా పంపితే ఇరవై ఏళ్లుగా జనానికి తెలిసిన మీ నంబరే నిషేధానికి గురికావచ్చు.

ఖర్చు నెలనెలా పెరుగుతోంది

చాలా పథకాలు మనిషికి ఇంత అని వసూలు చేస్తాయి. ముహూర్తాల్లో వచ్చే పది మంది కూలీలకు లాగిన్లు ఇస్తే కూర్చున్నచోటే బిల్లు పెరుగుతుంది. గోదాములో లెక్క రాసేవారికి ఫారం లింకు ఇస్తే చాలు. ఎయిర్‌టేబుల్‌లో ఫారం నింపేవారికి ఛార్జీ లేదు. యాప్‌షీట్‌లో యాప్ వాడే ప్రతివారూ లెక్కలోకి వస్తారు. బేస్‌రో, నోకోడీబీ వంటి నో-కోడ్ సాధనాలను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే మనిషికి ఇంత అనే ఛార్జీ తప్పుతుంది కానీ బ్యాకప్ బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఆ పని చూసే మనిషి లేకపోతే వాటి జోలికి వెళ్లకండి.

ఉచిత పథకాలు ఇంకోచోట ఆగిపోతాయి. ఎయిర్‌టేబుల్ ఉచిత పథకంలో ఒక్కో బేస్‌కు (టేబుళ్లన్నీ కలిపి ఉండే ఒక డేటాబేస్‌కు) 1,000 రికార్డులు, అన్ని టేబుళ్లూ కలిపి. బుకింగ్‌కు పది వస్తువుల చొప్పున వంద బుకింగులకే బుకింగ్ వస్తువుల టేబుల్ ఒక్కటే దాన్ని నింపేస్తుంది.

జీఎస్‌టీ లెక్కలు ఈ నో-కోడ్ సాధనంలోనే చేయవచ్చా?

వద్దు. కంపెనీగా నమోదైనవారు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ చెరిపేయడానికి వీల్లేని ఎడిట్ లాగ్ (మార్పుల చిట్టా) ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన. మిగతావారికైనా ట్యాలీ చేసే పనిని టేబుళ్లతో మళ్లీ చేయించడం దండగ. బిల్లు నంబరు ఒక్కటే బుకింగ్‌లోకి తెచ్చుకోండి.

వేరే సాధనానికి మారాలంటే డేటా బయటికి రావడం లేదు

సీఎస్‌వీగా (వట్టి అక్షరాల ఫైలుగా) దించుకుంటే వరసలు వస్తాయి. టేబుళ్ల మధ్య లింకులు వట్టి పేర్లుగా మిగులుతాయి, ఆటోమేషన్లు అసలు రావు. ఆధార్ కాపీలు, పగిలిన సామాను ఫొటోల స్థానంలో లింకులు వస్తాయి. ఎయిర్‌టేబుల్ ఇచ్చే అలాంటి లింకులు కొన్ని గంటల్లో పనిచేయడం మానేస్తాయి. కాబట్టి ప్రతి టేబుల్‌కూ మీ సొంత నంబర్ల కాలమ్ ఒకటి పెట్టి, లింకు ఉన్నచోట ఆ నంబరు కూడా కనిపించేలా చేయండి. ఫొటోలు ముందునుంచే మీ డ్రైవ్‌లో బుకింగ్ నంబరు పేరుతో ఉన్న ఫోల్డర్లలో దాచండి. ఆధార్ కాపీలు అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. కుర్చీలు తిరిగొచ్చి లెక్క తేలాక వాటిని తీసేయడమే మేలు.