మెమరీ ఖాళీగా ఉన్నా అలొకేషన్ ఫెయిల్: నా అనుభవం

లినక్స్ మెషీన్ రెండు వారాలు ఆగకుండా నడిచాక మా డ్రైవర్ లోడ్ అయ్యేది కాదు. లాగ్‌లో 'పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 5', అంటే అడిగినంత మెమరీ కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) ఇవ్వలేకపోయింది. చూస్తే 2 జీబీ ఖాళీ! ర్యామ్ పెంచడం, క్యాష్ ఖాళీ చేయడం, రీబూట్... అన్నీ నాలుగు రోజుల ముచ్చటే.

చివరికి ప్రాక్‌ ఫోల్డర్‌లోని బడ్డీఇన్ఫో ఫైల్ (ఏ సైజు ఖాళీ ముక్కలు ఎన్ని ఉన్నాయో చూపేది) చూశాను. చిన్న ముక్కలు బోలెడు, ఆర్డర్ 5 నుంచి అన్నీ సున్నాలే. అంటే పక్కపక్కన 32 పేజీలు (పేజీ అంటే 4 కేబీ మెమరీ ముక్క), 128 కేబీ, ఎక్కడా లేవు. ముందు డ్రైవర్ కోడ్‌లో కేమాలాక్ (పక్కపక్కన ఉన్న మెమరీనే ఇచ్చే ఫంక్షన్) తీసి కేవీమాలాక్ పెట్టాను. వరుసగా దొరక్కపోతే అది విడి పేజీలనే కలిపి ఇస్తుంది. తర్వాత ఆ మెమరీని వదిలే కేఫ్రీ ఉన్న ప్రతిచోటా కేవీఫ్రీ (ఒకటి మర్చిపోతే కెర్నల్ క్రాష్ అయింది). నెల నుంచి మళ్లీ రాలేదు.

మీ బఫర్ డీఎంఏకి (పరికరమే మెమరీని నేరుగా చదివి రాసే పద్ధతి) వెళ్లేదైనా, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (పరికరం పిలవగానే ఆగకుండా నడవాల్సిన కోడ్) అడిగేదైనా కేవీమాలాక్ పనికిరాదు. నాది మామూలు టేబుల్ కాబట్టి సరిపోయింది.