డాక్సీసైక్లిన్ రాసిచ్చారా? మింగే ముందు ఇది చదవండి

స్క్రబ్ టైఫస్ జ్వరానికీ, మొటిమలకీ, కొన్ని ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకీ డాక్టర్లు తరచుగా రాసే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్. పెద్దవాళ్ళకి మామూలుగా 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి ఒకటో రెండో ఉంటుంది, ఎన్ని రోజులన్నది జబ్బుని బట్టి. మంచి మందు, ధర కూడా తక్కువే. ఎలా మింగాలో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు, ఇబ్బందంతా అక్కడే వస్తుంది.

రాత్రి పక్క మీదకి చేరాక మాత్ర గుర్తొచ్చి, ఒక్క గుక్క నీళ్ళతో మింగేసి పడుకోవడం చాలామందికి అలవాటు. దీనితో ఆ పని అస్సలు చేయొద్దు. సరిపడా నీళ్ళు లేక మాత్ర అన్నవాహికలో అతుక్కుపోతే అక్కడే కరుగుతుంది, దానికున్న ఆమ్ల గుణంతో లోపలి పొర కాలి పుండు పడుతుంది. తెల్లారేసరికి ఛాతీ మధ్యలో మంట, ముద్ద దిగుతుంటే గుచ్చినట్టు నొప్పి, ఒక్కోసారి మంచినీళ్ళు మింగడం కూడా కష్టమే. అందుకని కూర్చునో నిలబడో నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోండి, ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట నడుం వాల్చకండి. రాత్రి మాత్రని భోజనంతోనే వేసేసుకుంటే ఈ గొడవ ఉండదు. మింగేటప్పుడు నొప్పి మొదలైతే తర్వాతి మాత్రకి ముందే డాక్టర్‌కి చెప్పండి. ఛాతీ నొప్పికి చెమటలో, ఆయాసమో తోడైతే మాత్ర వల్లే అనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఖాళీ కడుపున కొందరికి వికారంగా ఉంటుంది, అలాంటప్పుడు రెండు ఇడ్లీలు తిని వేసుకోవచ్చు. పాలతో మాత్రం మింగొద్దు. ఐరన్, క్యాల్షియం, జింక్ మాత్రలు, గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్ టానిక్కులు ఈ మందుని పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వవు, వాటికీ దీనికీ రెండు మూడు గంటల ఎడం పెట్టండి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ వాడుతున్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. గర్భిణులూ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలూ డాక్టర్ చెబితే తప్ప వాడకూడదు. పిల్లల పళ్ళకి శాశ్వతంగా మరకలు పడతాయన్న భయంతో డాక్సీసైక్లిన్ చెందిన టెట్రాసైక్లిన్ మందుల కుటుంబాన్నే పక్కన పెట్టేవారు, డాక్సీసైక్లిన్‌తో ఆ ప్రమాదం తక్కువ కాబట్టి స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణం మీదకొచ్చే జ్వరాల్లో చిన్నపిల్లలకీ డాక్టర్లు ఇస్తున్నారు.

ఎండ సంగతి కూడా. ఈ మందు వాడుతున్నన్నాళ్ళూ చర్మం మామూలుకన్నా తొందరగా కమిలిపోతుంది. పొలం పనికి వెళ్ళేవాళ్ళూ, రోజంతా బండి మీద తిరిగేవాళ్ళూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టోపీ మర్చిపోవద్దు.

కాస్త వికారం, కొద్దిపాటి విరేచనాలు చాలామందికి వచ్చిపోయేవే. దద్దుర్లు వచ్చినా, చూపు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి వచ్చినా మందు ఆపి అదే రోజు డాక్టర్‌ని కలవండి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఇక ఫోన్లు చేస్తూ ఉండకండి, ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి. నీళ్ళ విరేచనాలు ఆగకుండా అవుతున్నా, రక్తం పడుతున్నా సొంతంగా విరేచనాలు ఆపే మాత్ర వేసుకోవద్దు. యాంటీబయాటిక్ వల్ల పేగుల్లో వచ్చే ఒక ఇన్ఫెక్షన్ ఇలాగే ఉంటుంది, కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి కూడా రావచ్చు.

స్క్రబ్ టైఫస్‌లో మందు పడ్డాక తరచుగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది, దిగగానే చాలామంది ఆపేస్తారు. డాక్టర్ చెప్పిన రోజులు పూర్తి చేయండి, ఆపాలనిపిస్తే ఆయన్నే అడగండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయండి, రెండూ కలిపి మింగొద్దు. మిగిలిన మాత్రలు పక్కింటివాళ్ళ జలుబుకి ఇవ్వకండి, జలుబు వైరస్‌తో వచ్చేది, దాని మీద ఈ మందు పనిచేయదు.