ఒకరి మాట ఇంకొకరిని నొప్పిస్తే, అన్నవాడి ఉద్దేశం చూడాలా, ఎదుటివాళ్లకు ఎలా తోచిందో చూడాలా?

ముందు ప్రశ్నను రెండుగా విడదీయండి. తప్పు ఎంత? సరిదిద్దాల్సింది ఎంత? మొదటిది ఉద్దేశాన్ని బట్టి తేలుతుంది, రెండోది జరిగిన నష్టాన్ని బట్టి. ఈ రెండూ కలిపేస్తారు కాబట్టే "నేనలా అనుకోలేదు", "నాకు మాత్రం బాధేసింది" అన్న వాదన ఎంతకీ తెగదు.

జరిగింది జరిగినట్టు రాసుకోండి. "అవమానించాడు" అని రాస్తే తీర్పు అప్పుడే దూరిపోయినట్టు. "మీటింగులో ఆరుగురి ముందు 'ఈసారైనా లెక్క సరిచూశావా?' అన్నాడు" అని రాయండి.

ఉద్దేశానికి "కావాలనా, పొరపాటునా" అని రెండే గళ్లు చాలవు. నాలుగు గీయండి: అలా జరగాలనే చేశాడు, జరుగుతుందని తెలిసీ చేశాడు, జరగొచ్చని తెలిసినా లెక్కచేయలేదు, తెలుసుకోవాల్సి ఉన్నా తెలుసుకోలేదు. 1962 నాటి అమెరికా నమూనా శిక్షాస్మృతిలో ఉన్నవీ ఈ నాలుగు మెట్లే. నొప్పించే హాస్యం ఎక్కువగా మూడో గడిలో పడుతుంది. నాలుగింట్లోనూ పడకపోతే అది ప్రమాదం, తప్పు పట్టలేం.

ఏ గడో తేల్చడానికి చేసినవాడి మాటొక్కటే సరిపోదు. విడిగా చెప్పే వీలున్నా అందరిముందే అన్నాడా? ఇంతకుముందు ఎవరైనా వద్దన్నారా? వద్దన్నాక మళ్లీ అంటే మూడో గడి కాస్తా రెండోదవుతుంది, "సరదాకన్నాను" ఇక చెల్లదు.

ఎదుటివాళ్లకు తోచింది సాక్ష్యమే, తీర్పు కాదు. అక్కడున్న ఇద్దరిని విడివిడిగా అడగండి. కలిపి అడిగితే రెండోవారు మొదటివారికి వంత పాడతారు. అదీ "అవమానించాడా?" అని కాదు, "ఏం విన్నారు?" అని.

అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. తత్వవేత్త జాషువా నోబ్ 2003లో జనానికి ఒక కథ చెప్పి అభిప్రాయం అడిగాడు: లాభమే కావాలి, పర్యావరణం ఏమైనా నాకనవసరం అంటూ ఓ కంపెనీ ఛైర్మన్ పథకం మొదలుపెడతాడు. పర్యావరణం పాడైందని చెబితే 82 శాతం మంది కావాలనే పాడుచేశాడన్నారు. బాగుపడిందని చెబితే 77 శాతం మంది అది అతను కావాలని చేసింది కాదన్నారు. మనిషి మనసు రెండుచోట్లా ఒకటే! అందుకే గడి నింపాక ఫలితాన్ని తిరగేసి చూడండి. ఆ మాటకి అవతలివాడు పగలబడి నవ్వి ఉంటే? అప్పుడు మీ గడి మారిపోతోందంటే మీరు కొలిచింది ఉద్దేశాన్ని కాదు.

ఇక సరిదిద్దడం. ఏ గడిలో పడినా ఇది తప్పదు, ప్రమాదమైనా సరే. "నీకలా అనిపిస్తే సారీ" అనడం పనికిరాదు, అది తప్పును విన్నవాడి మీదికే నెడుతుంది. "ఆరుగురి ముందు అలా అనకూడదు, అన్నాను. లెక్క సరిగ్గానే ఉందని రేపు వాళ్ల ముందే చెబుతాను" అంటే సరిపోతుంది, రేపు నిజంగా చెబితే.