గుమ్మడికాయ చెక్కేటప్పుడు మీ రెండో చెయ్యి ఎక్కడుంది?

పోయిన శనివారం మా వీధిలోనే ఒక తెలుగాయనకు చూపుడువేలు తెగింది. పిల్లలిద్దరూ పక్కన నిలబడి చూస్తుండగా గుమ్మడికాయకు కళ్లు చెక్కుతున్నాడు. కాయ దొర్లకుండా ఎడమ చెయ్యి లోపలికి పెట్టి పట్టుకొని, కుడిచేత్తో బయటి నుంచి వంటింటి కత్తి దించాడు. పైపైనే తెగిందనుకొని అర్జెంట్ కేర్ క్లినిక్‌లో కుట్లు వేయించుకొని ఇంటికి వచ్చేశాడు. రెండు రోజుల తరువాత చూసుకుంటే వేలి కొస వంగడం లేదు. నిన్న సర్జరీ అయింది.

సర్జరీ అయిన చేతులకు మళ్లీ కదలిక నేర్పే థెరపిస్టుగా నేను అమెరికాలో పనిచేస్తున్నాను. అక్టోబరు చివర్లో, నవంబరు మొదట్లో ఇలాంటి చేతులు మా దగ్గరకు ఏటా వస్తాయి. దసరా హడావిడి ముగిసింది. గుమ్మడికాయకు ముఖం చెక్కి లోపల దీపం పెట్టి, పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ క్యాండీ కోసం వెళ్లే హాలోవీన్ దగ్గర పడింది. వారాంతాల్లో మనవాళ్లంతా పిల్లలను తీసుకొని పంప్‌కిన్ ప్యాచ్‌ల (గుమ్మడి తోటల) వైపు బయలుదేరుతున్నారు, వచ్చేటప్పుడు కారు డిక్కీలో పెద్ద పెద్ద కాయలు తెచ్చుకుంటున్నారు. పసివాళ్లకు కత్తి ఇవ్వకూడదు లాంటి మాటలు మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. అవి వదిలేస్తున్నాను.

రెండో చెయ్యి

మా దగ్గరకు వచ్చేవారిలో కత్తి పట్టిన చేతికి దెబ్బ తగిలినవారు అరుదు. తగిలేది ఊరికే కాయను పట్టుకున్న చేతికి. కుడిచేతివాటం వారైతే ఎడమ అరచెయ్యి, ఎడమ చూపుడువేలు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగం.

ఎందుకో చెబుతాను. పులుసుకో దప్పళానికో గుమ్మడికాయ తరిగేటప్పుడు ముక్కను పలక మీద పెడతాం. కత్తి పైనుంచి కిందికి దిగి పలక మీద ఆగుతుంది. హాలోవీన్ కాయను నిలబెట్టి చెక్కుతారు. కత్తి అడ్డంగా పోతుంది. తొక్క గట్టిది కాబట్టి ముందు కత్తి ఇరుక్కుంటుంది, మీరు బలం పెంచుతారు. తొక్క దాటగానే లోపల మెత్తటి గుజ్జు, ఆ తరువాత ఖాళీ. అప్పటిదాకా కూడగట్టిన బలమంతా ఒక్కసారి వదులైపోయి కత్తి అవతలికి దూసుకుపోతుంది. అవతల పలక ఉండదు. మీ చెయ్యి ఉంటుంది.

రెండో రకం, ఇరుక్కున్న కత్తిని వెనక్కి లాగేటప్పుడు జరుగుతుంది. గుజ్జు అంటుకొని చేతులు జారుడుగా ఉంటాయి. పిడి మీది చెయ్యి జారి అంచు మీదికి వస్తుంది, లేదా కత్తి ఊడివచ్చి కాయను పట్టుకున్న చేతికి తగులుతుంది.

కాబట్టి కత్తి కదిలించే ప్రతిసారీ ఒకటే ప్రశ్న: రెండో చెయ్యి ఎక్కడుంది? కాయ లోపల ఉండకూడదు. కత్తి మొనకు ఎదురుగా ఉండకూడదు. కత్తి పోతున్న దారిలో, అది జారితే పోయే దారిలో ఉండకూడదు. కాయ పైన, కత్తికి వెనక వైపున ఉండాలి. కాయ దొర్లుతోందంటే దాని కింద తడి తువ్వాలు చుట్టచుట్టి పెట్టండి. దొర్లే కాయను ఆపడం చేతి పని కాదు.

ఇక రెండో చెయ్యి మీది కాకపోవచ్చు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. "కదలకుండా కాస్త పట్టుకో నాన్నా" అని తండ్రి అంటాడు. ఆరేళ్లవాడు సంబరంగా వచ్చి అవతలి వైపు నుంచి రెండు చేతులతో కాయను కావలించుకుంటాడు. కత్తి పెద్దవాళ్ల చేతిలోనే ఉంది కదా అని తల్లి ధైర్యంగా ఫోటో తీస్తుంటుంది. కత్తి ఎవరి చేతిలో ఉందన్నది సగం సంగతే. దాని ఎదురుగా ఎవరి చేతులున్నాయో చూడండి. పిల్లలను కాయ పట్టుకోమని అనకండి. ఎప్పుడూ అనకండి.

కత్తి సంగతి

వంటింటి కత్తి వాడకండి. సీజన్‌లో ఏ కిరాణా దుకాణంలోనైనా కొన్ని డాలర్లకే దొరికే చిన్న రంపం తీసుకోండి. చూడటానికి ఆటవస్తువులా ఉంటుంది, గట్టిగా నొక్కితే వంగిపోతుంది. వంగడమే దాని మంచితనం. 2004లో పరిశోధకులు శవాల చేతుల మీద పరీక్షించి, వంటింటి కత్తుల కంటే ఈ గుమ్మడి రంపాలతో గాయాలు తక్కువని చూపించారు. రంపాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించాలి. పొడవకూడదు. పని పట్టపగలు పెట్టుకోండి. రాత్రి భోజనాలయ్యాక డెక్ మీద గుడ్డి దీపం కింద మొదలుపెట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఉంగరాలు ముందే తీసేయండి. దెబ్బ తగిలి వేలు వాస్తే ఉంగరాన్ని కోసి తీయాల్సి వస్తుంది.

పిల్లలకు పని కావాలంటే బోలెడుంది. మార్కరుతో ముఖం గీయమనండి, గరిటెతో గుజ్జు తోడమనండి, గింజలు ఏరమనండి. అయిదేళ్లలోపు వారి కాయను అసలు చెక్కకుండా రంగులు వేయించి వదిలేయండి. కుళ్లకుండా నాలుగు రోజులు ఎక్కువే నిలుస్తుంది కూడా.

తెగితే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపెట్టి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. మధ్యమధ్యలో గుడ్డ తీసి చూడకండి. పసుపు పెట్టవద్దు, కాఫీపొడి అద్దవద్దు. వాటి వల్ల గాయం లోపల ఏముందో డాక్టరుకు కనిపించదు. పదిహేను నిమిషాలు అదిమినా నెత్తురు ఆగకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

నెత్తురు ఆగిందని ఊరుకోకండి. వేలి మధ్య కణుపును రెండో చేత్తో కదలకుండా పట్టుకొని చివరి కణుపు ఒక్కదాన్నే వంచి చూడండి. వంగకపోతే వేలిని వంచే స్నాయువు తెగి ఉండవచ్చు. వేలి కొన మీద ఒక పక్క స్పర్శ తెలియకపోతే నరానికి దెబ్బ తగిలినట్టే అనుకోండి. ఆ రెంటిలో ఏది ఉన్నా, పైన కుట్లు వేశారు కదా అని తృప్తిపడకుండా చేతి సర్జన్‌కు చూపించాలని గట్టిగా అడగండి. తెగిన స్నాయువు కొస వెనక్కి, అరచేతిలోకి జారిపోతుంది. రోజులు గడిచేకొద్దీ దాన్ని వెతికి కలపడం కష్టమవుతుంది. కలిపాక కూడా దాదాపు ఆరు వారాలు స్ప్లింట్ (చేతిని కదలకుండా ఉంచే కట్టు), మూడు నెలల దాకా బరువులు ఎత్తకూడదు. కీబోర్డు మీద ఒంటిచేత్తో పని, చంటిపిల్ల చేతులు చాచినా ఎత్తుకోలేని స్థితి. ఇదంతా ఒక గుమ్మడికాయ ముక్కు కోసం.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

– కాయలో కొవ్వొత్తి వద్దు. బ్యాటరీ దీపం పెట్టండి. ఆ కాయ గడప దగ్గర నేల మీద ఉంటుంది, పిల్లల గౌన్ల అంచు, కేపుల కొసలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఊగుతాయి. దీపావళికి కొన్న లెహంగానే యువరాణి వేషానికి వాడుతున్నారా? ఓణీ తీసేయండి.

– క్యాండీ కోసం తిరగడానికి చీకటి పడే వేళకే ఇంటి నుంచి బయలుదేరి ఉండాలి. అక్టోబరు 31న న్యూజెర్సీలో ఆరు గంటల లోపే సూర్యాస్తమయం, డల్లాస్‌లో ఆరున్నర దాటాక. 1975 నుంచి 2016 వరకు 42 హాలోవీన్ సాయంత్రాలను లెక్కగట్టిన అధ్యయనం 2018లో వచ్చింది. మామూలు సాయంత్రాల కంటే ఆ సాయంత్రం కారు కింద పడి పాదచారులు చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువ. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకైతే పది రెట్లు.

– వీధికి ఒక వైపు ఇళ్లన్నీ పూర్తి చేశాకే రెండో వైపు. అటూ ఇటూ పరిగెత్తించకండి.

– ముసుగు వద్దు, ముఖానికి రంగు వేయండి. ముసుగులోంచి పక్కన వచ్చే కారు కనిపించదు.

– నల్ల దుస్తులైతే వెనక వీపు మీద మెరిసే టేపు. ముందు వైపు ఒక్కటే అంటించి సరిపెట్టకండి.

– గుంపులో "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అనుకోకండి. నాలుగు కుటుంబాలు కలిసి వెళితే ఏ పిల్లవాడు ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పుకోండి.

– ముక్కూమొహం తెలియనివారు విషం కలిపిన క్యాండీ పంచుతున్నారన్న వాట్సాప్ సందేశం ఏటా వస్తుంది. 1974లో టెక్సస్‌లో సైనైడ్ క్యాండీ తిని చనిపోయిన ఎనిమిదేళ్ల బాలుడికి దాన్ని ఇచ్చింది కన్నతండ్రే, బీమా డబ్బు కోసం. ఆ సందేశం పంపడం మానేసి నాలుగేళ్లలోపు పిల్లల సంచిలోంచి గట్టి క్యాండీలు, వేరుశనగలు, వేయించిన గుమ్మడి గింజలు తీసేయండి. గొంతుకు అడ్డం పడతాయి.

– పేరు లేని పొట్లంలోని గమ్మీలు పారేయండి. గంజాయి కలిపినవీ అచ్చం అలాగే ఉంటాయి.

– పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలుంటే ప్రతి పొట్లం వెనక చదవండి. గడప దగ్గర నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తినుబండారం కాకుండా వేరే చిన్న బహుమతులు కూడా ఉన్నాయని గుర్తు. అక్కడికి తప్పకుండా తీసుకువెళ్లండి.

– ప్యాచ్‌లో మేకలను, గొర్రెలను ముట్టుకున్నాక సబ్బూ నీళ్లతో చేతులు కడిగించండి. శానిటైజర్ చాలదు. కడిగాకే సైడర్, డోనట్లు.

– ప్యాచ్‌లో పిల్లలను తిప్పే గడ్డి బండి కదులుతుండగా పిల్లలు లేవకూడదు. కాళ్లు బయటికి వేలాడకూడదు.

– చెక్కి బయట పెట్టిన కాయతో పులుసు చేయకండి. పారేయడానికి మనసొప్పదని తెలుసు. రోజుల తరబడి గడప దగ్గర బూజు పట్టిన కాయ అది. వంటకు కావాలంటే చిన్న షుగర్ పంప్‌కిన్ వేరుగా కొనుక్కోండి, రుచిగా ఉండేది కూడా అదే. ముక్క చేదుగా ఉంటే ఉమ్మేసి కూర మొత్తం పారబోయండి. అలంకరణకు అమ్మే రంగురంగుల బుడిపెల కాయలు వండకండి.

– కాయ నిలవడానికి బ్లీచ్ నీళ్లలో ముంచారా? ఉడుతలకు కూడా వేయకండి.

– కాయ చెక్కుతున్నప్పుడు ఫోను మోగితే ముందు రంపం కింద పెట్టండి. పిల్లలు పిలిస్తే రంపం కింద పెట్టండి. మళ్లీ తీసుకునేటప్పుడు రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకోండి.

– మీరు చివరిసారి టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు తీసుకున్నారో ఈ రోజే వెతికి పెట్టుకోండి. ఎమర్జెన్సీలో అడిగే ప్రశ్నల్లో అదొకటి.