కాలమ్‌ల వరుస మార్చాక పనిచేసిన ఇండెక్స్

బెంగళూరు మారతహళ్లిలోని మా కార్యాలయంలో పోస్ట్‌గ్రెస్ 14 అనే డేటాబేస్‌పై నడిచే ఆర్డర్ల పేజీ నానాటికీ నెమ్మదించింది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఆదేశంతో పరిశీలిస్తే, కావలసిన వరుసలను త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ ఉన్నప్పటికీ, ఒక కస్టమర్ ఆర్డర్లను అడిగే క్వెరీ టేబుల్ మొత్తాన్నీ చదువుతోందని తెలిసింది. ఆ ఇండెక్స్‌లో తేదీ ముందు, కస్టమర్ నంబరు తరువాత ఉన్నాయి. బీ-ట్రీ అనే ఈ రకం ఇండెక్స్ మొదటి కాలమ్ క్రమంలోనే అమరుతుంది కనుక, కస్టమర్ నంబరుతో మాత్రమే వెతకడమంటే, ఇంటిపేర్ల వరుసలో రాసిన పెళ్లి పిలుపుల జాబితాలో ఇంటిపేరు తెలియని మనిషిని వెతకడమే. కస్టమర్ నంబరును ముందుంచి, తేదీని తరువాత పెట్టి కొత్త ఇండెక్స్ నిర్మించాను. ఆ సమయంలో ఆర్డర్ల నమోదు ఆగకుండా ఇండెక్స్ నిర్మించే ఆదేశానికి కంకరెంట్లీ అనే పదం జోడించాను, అయితే ఆ ఆదేశం ట్రాన్సాక్షన్ (కలిపి ఒకేసారి ఖరారయ్యే ఆదేశాల సమూహం) లోపల నడవదు. ఒక కస్టమర్ ఆర్డర్లు ఇప్పుడు తేదీ క్రమంలోనే వస్తున్నందున విడిగా సార్ట్ చేసే దశ కూడా తొలగిపోయింది. పాత ఇండెక్స్‌ను మరే క్వెరీ వాడడం లేదని కొన్నాళ్లు గమనించి నిర్ధారించుకున్నాకే తీసివేశాను.