పాస్‌వర్డ్ దానంతటదే పడలేదా? అక్కడే ఆగండి

బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ రోజూ దానంతటదే పడే సైట్‌లో ఒకరోజు పడకపోతే, విసుక్కుని చేత్తో టైప్ చేసేయకండి, ముందు పైన అడ్రస్ బార్ చూడండి. పాస్‌వర్డ్‌లు దాచి నింపే పాస్‌వర్డ్ మేనేజర్ పేజీ ఎలా కనిపిస్తోందో పట్టించుకోదు, డొమైన్ పేరు, అంటే అడ్రస్ బార్‌లో ఉండే సైట్ పేరు చూస్తుంది. లోగో, రంగులు అచ్చుగుద్దినట్టు ఉన్నా సరే, పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే నింపదు. మన కన్ను మోసపోయే చోట అది మోసపోదు, నాకు ఈ ఫీచర్ మీద అంత నమ్మకం అందుకే. ఒక్కోసారి అసలు సైట్ వాళ్లే లాగిన్ పేజీ మార్చడం వల్ల కూడా పడకపోవచ్చు, అప్పుడైనా బుక్‌మార్క్ నుంచి తెరవండి, మెసేజ్‌లో వచ్చిన లింక్ నుంచి మాత్రం వద్దు.

అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా, సైట్ మంచిదే అనుకోకండి. మీకూ ఆ సైట్‌కూ మధ్య వెళ్లే డేటాను దారిలో ఎవరూ చదవలేరని తప్ప, అవతల ఉన్నది మంచివాళ్లని దానర్థం కాదు, ఆ గుర్తు రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ దొంగ సైట్లకూ ఉచితంగానే దొరుకుతుంది. జనం ఇలా పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో కంప్యూటర్‌లో ఆ గుర్తును తీసేసి వేరే ఐకాన్ పెట్టింది.

ఇక ఇది మోసపు సైట్ అని బ్రౌజర్ చూపించే ఎర్ర హెచ్చరిక పేజీ వస్తే దాటి వెళ్లొద్దు. అయితే అది రాలేదంటే సైట్ మంచిదేనని కూడా కాదు, కొత్తగా పుట్టిన మోసపు పేజీ బ్రౌజర్ చూసే మోసపు సైట్ల జాబితాలోకి ఎక్కడానికి కాస్త టైమ్ పడుతుంది. బ్రౌజర్ అప్‌డేట్ అడుగుతుంటే వాయిదా వేయకుండా ఇప్పుడే రీస్టార్ట్ చేసేయండి.