ట్రూ డిటెక్టివ్ సీజన్ 3 కన్ఫ్యూజ్ అవకుండా ఎలా చూడాలంటే

2019లో అమెరికన్ టీవీ ఛానెల్ హెచ్‌బీవోలో వచ్చిన క్రైమ్ సిరీస్ ఇది, 8 ఎపిసోడ్లే, కానీ ఫోన్ నొక్కుకుంటూ చూస్తే ముక్క అర్థం కాదు. అమెరికాలోని ఆర్కన్సాలో 1980లో ఒక అన్నాచెల్లెళ్లు కనిపించకుండా పోతారు, ఆ కేసు 1980, 1990, 2015 మూడు కాలాల్లో కలగాపులగంగా నడుస్తుంది, అందుకే సీన్ మారగానే ముందు డిటెక్టివ్‌గా చేసిన మహర్షలా అలీ జుట్టు చూడండి, తెల్లగా ఉంటే 2015 అని ఫిక్స్ అయిపోండి. అప్పటికి ఆ డిటెక్టివ్‌కి మతిమరుపు, తనకి తానే రికార్డర్‌లో గుర్తులు చెప్పుకుంటాడు, చనిపోయిన భార్య గదిలోకొచ్చి మాట్లాడుతుంది. ఆ సీన్లు స్లోగా ఉన్నాయని ఫార్వర్డ్ చేయొద్దు ప్లీజ్, నాకైతే హంతకుడెవరన్నదాని కంటే అసలు కథ అదే. రోజుకి రెండు ఎపిసోడ్లు చాలు. ముందే ఎండింగ్ మాత్రం ఎక్కడా చదవకండి.